ఎక్స్‌రేకు అందని తుంటి పగులు: గుర్తించేది ఎలా?

కాలు జారి పడి, తుంటి నొప్పితో ఆసుపత్రికి వచ్చిన వృద్ధుల్లో కొందరికి ఎక్స్‌రే తీస్తే ఎముక బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నొప్పి మాత్రలు రాసి ఇంటికి పంపుతారు. నాలుగైదు రోజులు గోడ పట్టుకుని తిరిగిన మనిషి ఒక ఉదయం మంచం దిగబోయి కుప్పకూలిపోతారు. రెండోసారి తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముక మెడ దగ్గర విరిగి, ముక్కలు పక్కకు జరిగిపోయి ఉంటాయి. పగులు మొదటి రోజు నుంచే ఉంది. దానిని చూపే శక్తి మొదటి చిత్రానికి లేకపోయింది. ఇలాంటి దానిని వైద్యులు గుప్త పగులు అంటారు. తుంటి ఎముక విరిగిన ప్రతి వంద మందిలో ఇద్దరి నుంచి పది మంది దాకా తొలి ఎక్స్‌రేలో తప్పిపోతారని వివిధ దేశాల వైద్య పరిశీలనలు చెబుతున్నాయి.

అండమాన్ నికోబార్ దీవుల్లోని ఆస్టినాబాద్ వంటి చోట ఈ సమస్య మరింత బరువైనది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో ఉన్న ఈ ప్రాంతం దక్షిణ అండమాన్‌లోని వాన నేల. ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఏడాదిలో సగానికి పైగా తడిసి ఉండే మెట్లు, పాచి పట్టిన పెరళ్లు, ఏటవాలు దారులు వయసు మీరిన వారికి ప్రమాదకరమైనవే. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో ఎక్కువ మంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలకు చెందినవి. వేటకు, కూలికి, కొలువులకు దశాబ్దాల కిందట ఓడ ఎక్కి వచ్చిన తరం ఇప్పుడు తుంటి ఎముకలు విరిగే వయసుకు చేరుకుంది. విశాఖపట్నం ఇక్కడికి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై, కోల్‌కతాలూ ఇంచుమించు అంతే దూరం. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. ప్రధాన భూభాగంలో ఒక జిల్లా ఆసుపత్రి నుంచి మరో నగరానికి అంబులెన్సులో పంపినంత తేలికగా ఇక్కడ రోగిని పంపడం కుదరదు. అందువల్ల పగులు ఉన్నదీ లేనిదీ మొదటి రెండు రోజుల్లోనే తేల్చడం దీవుల్లో ఇంకా ముఖ్యం.

ఎముక నిర్మాణమే మూలం

తొడ ఎముక పైభాగం నిటారు స్తంభం కాదు. కాండం పైకి వచ్చి, దాదాపు 130 డిగ్రీల కోణంలో లోపలికి వంగి, సన్నని మెడగా మారి, గుండ్రని తలతో ముగుస్తుంది. ఆ తల కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. మెడకూ కాండానికీ మధ్య బయటి వైపున చేతికి తగిలే గడ్డ వంటి భాగాన్ని పెద్ద ట్రొకాంటర్ అంటారు. నడిచేటప్పుడు శరీర బరువంతా ఆ వంపు మీదుగా కాలిలోకి దిగుతుంది. వయసుతో ఎముక గుల్లబారితే ముందుగా బలహీనపడే చోట్లలో ఈ మెడ ఒకటి.

మెడ విరిగితే ప్రమాదం ఎముకతోనే ఆగదు. తలకు రక్తం అందించే సన్నని నాళాలు చాలా వరకు మెడ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పైకి వెళతాయి. పగులు కదలకుండా ఉంటే ఆ నాళాలు నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. ముక్కలు జరిగితే నాళాలు చిరిగిపోతాయి. రక్తం అందని తల కొన్ని నెలల్లో, కొన్నిసార్లు ఏడాది రెండేళ్లలో చచ్చుబడి కుంగిపోతుంది. ఈ తేడాను ఆధారం చేసుకునే బ్రిటిష్ శస్త్రవైద్యుడు రాబర్ట్ గార్డెన్ 1961లో మెడ పగుళ్లను నాలుగు దశలుగా విభజించారు. మొదటి రెండు దశల్లో ముక్కలు పెద్దగా జరగవు. తరువాతి రెండింటిలో జరుగుతాయి. ఎక్స్‌రేకు చిక్కని మెడ పగుళ్లన్నీ మొదటి రెండు దశలకు చెందినవే.

ఆచరణలో ఈ విభజన అర్థం చాలా సూటిగా ఉంటుంది. కదలని పగులును మూడు మరలతో బిగించవచ్చు. కోత చిన్నది, రక్తనష్టం తక్కువ, రోగి సొంత ఎముక మిగులుతుంది. కదిలిన పగులు వృద్ధుల్లో అయితే సాధారణంగా తల తీసేసి లోహపు తల అమర్చాలి. అది పెద్ద ఆపరేషన్. మత్తు సమయం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, గుండె, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ. ఒక మనిషి మొదటి వర్గం నుంచి రెండో వర్గంలోకి జారడానికి మరుగుదొడ్డి దాకా వేసిన నాలుగు అడుగులు చాలు.

ఎక్స్‌రే ఎందుకు చూపలేదు?

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణాల చిత్రం నిజానికి ఒక నీడ. ఎముకలోని సున్నం కిరణాలను అడ్డగిస్తుంది కనుక ఎముక తెల్లగా పడుతుంది. పగులు కనిపించాలంటే ముక్కల మధ్య ఖాళీ ఉండాలి, లేదా అంచు తప్పి ఉండాలి, లేదా ఒకదానిలోకి ఒకటి గుచ్చుకుని తెల్లని గీత ఏర్పడాలి. ఈ మూడింటిలో ఏదీ లేని పగులు, ఇటుకల మధ్య వెంట్రుకవాసి నెర్రె దూరం నుంచి కంటికి ఆననట్టే, నీడలో కలిసిపోతుంది. గుల్లబారిన ఎముకలో సున్నం తక్కువ కాబట్టి నీడే పలుచన. పలుచని నీడలో సన్నని గీతను వెతకడం ఇంకా కష్టం.

చిత్రం తీసే పద్ధతి కూడా తప్పుదారి పట్టిస్తుంది. నొప్పితో ఉన్న రోగి పాదాన్ని బయటికి తిప్పి పడుకుంటారు. అప్పుడు తొడ ఎముక మెడ వాలుగా పడి కురచగా కనిపిస్తుంది, ట్రొకాంటర్ దాని మీదికి వస్తుంది. పాదాన్ని సుమారు 15 డిగ్రీలు లోపలికి తిప్పి తీస్తేనే మెడ పూర్తి పొడవున పడుతుంది. ఒక్క తుంటిని తీసి సరిపెట్టడం కన్నా కటి భాగమంతా ఒకే చిత్రంలో తీస్తే రెండు వైపులా పోల్చి చూడవచ్చు. దానితో పాటు ఆరోగ్యంగా ఉన్న కాలును పైకి లేపి, నొప్పి ఉన్న కాలును కదపకుండా పక్క నుంచి తీసే చిత్రం తప్పనిసరి. కప్ప భంగిమలో మోకాలు మడిచి తీసే పద్ధతి పగులు అనుమానం ఉన్నప్పుడు పనికిరాదు. అది నొప్పిని పెంచడమే కాదు, కదలని ముక్కను కదపవచ్చు. పెద్ద ఆసుపత్రుల్లో కూడా రద్దీ వేళ రెండో చిత్రం తీయకుండా వదిలేయడం అరుదేమీ కాదు. గుప్త పగుళ్లుగా లెక్కకు వచ్చేవాటిలో కొన్ని నిజంగా గుప్తమైనవి కావు, సరిగా తీయనివి.

ఎక్స్‌రేను చదవడంలో భారతీయ వైద్యుల కానుక ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తొడ ఎముక పైభాగం లోపల బరువు దిగే దారుల వెంట సన్నని ఎముక పోగులు అల్లుకుని ఉంటాయి. ఎముక గుల్లబారే కొద్దీ ఈ పోగులు ఒక క్రమంలో మాయమవుతాయని మన్మోహన్ సింగ్, ఆయన సహచరులు 1970లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. ఆరు మెట్లున్న ఆ కొలతను ప్రపంచమంతటా సింగ్ సూచిక అంటారు. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా యంత్రాలు వచ్చాక దాని వాడకం తగ్గింది. ఒకే చిత్రానికి ఇద్దరు వైద్యులు రెండు మెట్లు చెప్పడం కూడా దాని లోపమే. అయినా డెక్సా లేని చోట, ఎక్స్‌రేలో పోగులు మాయమైన ఎముకను చూసిన వైద్యుడు ‘పగులు లేదు’ అని రాసే ముందు ఒక్క క్షణం ఆగుతారు. అంతవరకు అది నేటికీ పనికివచ్చేదే.

చేతి పరీక్ష చెప్పేది

ముక్కలు జరిగిన తుంటి పగులును గుర్తించడానికి యంత్రం దాదాపు అక్కరలేదు. కాలు కురచై, పాదం బయటికి తిరిగి ఉంటుంది. గుప్త పగులులో ఈ రెండూ ఉండవు. రోగి కుంటుతూ నడవగలరు కూడా. ‘నడుస్తున్నారు కదా, విరిగి ఉండదు’ అన్న మాట ఈ విషయంలో ఎక్కువ హాని చేసే మాట.

అనుమానించవలసిన లక్షణాలు వేరు. నొప్పి గజ్జల్లో ఉంటుంది. కొందరిలో తొడ ముందు భాగం మీదుగా మోకాలికి దిగుతుంది. మోకాలు నొప్పి అని వచ్చిన వృద్ధురాలికి మోకాలి ఎక్స్‌రే ఒక్కటే తీసి పంపితే తుంటి పగులు అలాగే ఉండిపోతుంది. పడుకోబెట్టి, మోకాలు మడవకుండా కాలు ఎత్తమంటే ఎత్తలేరు. కాలును మెల్లగా లోపలికి, బయటికి దొర్లిస్తే నొప్పి వస్తుంది. మడమ మీద నిలువుగా తట్టితే గజ్జల్లో కలుక్కుమంటుంది. మతిమరుపు ముదిరిన వారు నొప్పి ఎక్కడో చెప్పలేరు. నిన్నటి దాకా నడిచి, ఇవాళ నడవనని మొరాయించడమే వారిలో లక్షణం.

స్టెతస్కోపుతో చేసే పాతకాలపు పరీక్ష ఒకటుంది. దానిని జఘనాస్థి మీద ఉంచి, రెండు మోకాలి చిప్పల మీద ఒక్కొక్కటిగా వేలితో తడతారు. ఎముక అతుకు తప్పని వైపు నుంచి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. విరిగిన వైపు నుంచి మందగించి వినిపిస్తుంది. కుండ పగిలిందో లేదో వేలితో కొట్టి చూసే పద్ధతే ఇది. పగులును తోసిపుచ్చడానికి దీనిని నమ్ముకోకూడదు. యంత్రం లేని చిన్న దీవిలో, ఎవరిని ముందుగా పంపాలో నిర్ణయించుకోవడానికి మాత్రం తోడ్పడుతుంది.

ఎమ్మారై: మజ్జలోని నీటిని చదివే చిత్రం

ఎక్స్‌రే ఎముకలోని సున్నాన్ని చూస్తుంది. ఎమ్మారై ఎముక లోపలి మజ్జను చూస్తుంది. గుప్త పగులును పట్టుకోవడంలో ఎమ్మారై మిగతా అన్నింటికన్నా ముందుండటానికి కారణం ఈ తేడాయే. వృద్ధుల తొడ ఎముక పైభాగంలోని మజ్జ చాలా వరకు కొవ్వు. అయస్కాంత క్షేత్రంలో శరీరంలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాలను టీ-1 అనే పద్ధతిలో నమోదు చేస్తే కొవ్వు తెల్లగా మెరుస్తుంది. పగులు ఉన్నచోట కొవ్వు అల్లిక తెగి, రక్తం, నీరు చేరతాయి కాబట్టి తెల్లని మజ్జ మీద నల్లని గీత పడుతుంది. స్టిర్ అనే మరో పద్ధతిలో కొవ్వు సంకేతాన్ని అణచివేస్తారు. అప్పుడు అదే చోట చేరిన నీరు నల్లని నేపథ్యంలో తెల్లగా వెలుగుతుంది. రెండు చిత్రాల్లోనూ ఒకే చోట గీత కనిపిస్తే సందేహం ఉండదు. పడిన కొన్ని గంటల్లోనే ఈ మార్పు కనిపిస్తుంది.

తొడ ఎముక పైభాగంలోని గుప్త పగుళ్లను ఎమ్మారైతో గుర్తించవచ్చని వివరించిన తొలి వ్యాసాల్లో ఒకటి 1989లో అమెరికా వైద్య పత్రిక ‘రేడియాలజీ’లో వెలువడింది. 1993లో మరో పరిశోధక బృందం 62 మంది రోగుల మీద ఎమ్మారైని, ఎముక స్కాన్‌ను పోల్చింది. కచ్చితత్వంలో ఎమ్మారై ఏమాత్రం తీసిపోలేదని, జవాబు ఎంతో ముందుగా ఇస్తుందని తేలింది. ఆ తరువాతి మూడు దశాబ్దాల అనుభవం ఈ పరీక్షను ప్రామాణిక స్థానంలో నిలబెట్టింది. ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. సరైన ప్రమాణంలో తీసిన ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా తుంటి పగులు అనుమానం తీరకపోతే ఎమ్మారై చేయాలి. 24 గంటల్లో ఎమ్మారై అందుబాటులోకి రాకపోతే, లేదా రోగికి అది పనికిరాకపోతే సీటీ స్కాన్ చేయాలి.

ఎమ్మారై అనగానే ముప్పావు గంట సొరంగంలో పడుకోవాలన్న భయం చాలామందికి ఉంటుంది. పగులు వెతకడానికి అంత అక్కరలేదు. ముందు నుంచి వెనకకు పొరలుగా తీసే టీ-1, స్టిర్ చిత్రాలు రెండూ చాలు. పావుగంటలో ముగుస్తుంది. రంగు మందు ఇంజెక్షన్ అవసరం లేదు. ఈ కుదించిన పరీక్షను అడిగే అలవాటు వైద్యుల్లో పెరిగితే, వరుస పొడవుగా ఉండే యంత్రం మీద కూడా వృద్ధులకు చోటు దొరుకుతుంది.

ఈ పరీక్షలో తుంటి పగులు లేదని తేలినా శ్రమ వృథా కాదు. నొప్పికి అసలు కారణం జఘనాస్థి పగులా, త్రికాస్థి పగులా, కండరం చిరిగిందా అన్నది అదే చిత్రంలో బయటపడుతుంది. మరో మేలు కూడా ఉంది. పెద్ద ట్రొకాంటర్ కొన మాత్రమే విరిగినట్టు ఎక్స్‌రే చెప్పిన సందర్భాల్లో, పగులు అక్కడితో ఆగకుండా లోపలి వైపునకు పాకి ఉన్నట్టు ఎమ్మారైలో తరచుగా కనిపిస్తుంది. మొదటిదానికి చాలా వరకు విశ్రాంతి సరిపోతుంది. రెండోదానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

పరిమితులూ ఉన్నాయి. పాత రకం పేస్‌మేకర్ ఉన్నవారికి, శరీరంలో కొన్ని రకాల లోహాలు ఉన్నవారికి ఎమ్మారై కుదరదు. మతి స్థిమితం లేని వారు కదిలితే చిత్రం చెడిపోతుంది. యంత్రం ఖరీదు, దానిని నడిపే సిబ్బంది, తెగని విద్యుత్తు, మరమ్మతుకు వచ్చే నిపుణుడు సముద్రం దాటి రావలసి ఉండటం వంటివి దీవులకు ప్రత్యేకమైన భారం.

సీటీ స్కాన్, ఎముక స్కాన్

సీటీ స్కాన్ నిమిషాల్లో పూర్తవుతుంది. ఎమ్మారై కన్నా ఎక్కువ ఆసుపత్రుల్లో ఉంది. ప్రమాద విభాగంలో రాత్రి పూట కూడా నడుస్తుంది. పలుచని పొరలుగా తీసి, మెడ పొడవునా తిరిగి అమర్చి చూస్తే ఎక్స్‌రేకు దక్కని పగుళ్లలో అత్యధికం కనిపిస్తాయి. పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో దాని సున్నితత్వం సుమారు 94 శాతంగా తేలింది. అంటే వంద పగుళ్లలో ఆరు దాని కన్నుకూ అందకపోవచ్చు. సీటీ కూడా ఎక్స్ కిరణాలతో పనిచేసేదే కాబట్టి బాగా గుల్లబారిన ఎముకలో ఖాళీ లేని పగులు దానికీ కష్టమే. రెండు వేర్వేరు శక్తుల కిరణాలతో తీసి, సున్నాన్ని లెక్క నుంచి తొలగించి మజ్జలోని వాపును చూపే కొత్త రకం సీటీలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. సీటీలో పగులు కనిపిస్తే నమ్మవచ్చు. కనిపించకపోయినా నొప్పి తగ్గక, కాలు మీద నిలబడలేకపోతుంటే అన్వేషణ అక్కడితో ముగిసినట్టు కాదు.

ఎమ్మారై రాకముందు గుప్త పగులుకు ఎముక స్కానే దిక్కు. టెక్నీషియం అనే అణుధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తే, కొత్త ఎముక తయారయ్యే చోట అది చేరి వెలుగుతుంది. పగులు మానడం మొదలైతేనే ఆ వెలుగు. వృద్ధుల్లో అందుకు మూడు రోజుల దాకా పట్టవచ్చు కనుక తొందరపడి తీస్తే పగులు ఉన్నా లేనట్టే వస్తుంది. దీవుల దృష్టితో చూస్తే మరో చిక్కు కనిపిస్తుంది. టెక్నీషియం సగం ఆయుష్షు ఆరు గంటలు. దానిని పుట్టించే మాలిబ్డినం సగం ఆయుష్షు సుమారు 66 గంటలు. క్రమం తప్పకుండా విమానంలో సరఫరా అందని చోట ఈ పరీక్షను నిలబెట్టడం కష్టం. ఎముక సాంద్రత కొలిచే డెక్సాను కూడా చాలామంది ఈ జాబితాలో కలుపుతారు. అది పగులును చూపదు, పగిలే ముప్పును మాత్రమే కొలుస్తుంది.

తెలుగువారి ఎముకల చరిత్ర

దేశంలో తుంటి పగుళ్లపై జిల్లా స్థాయి లెక్కలు తక్కువ. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో జరిపిన అధ్యయనంలో 50 ఏళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో ఏటా 129 మందికి తుంటి విరుగుతున్నట్టు తేలింది. మహిళల్లో ఆ సంఖ్య 159. తెలుగు నేల మీద ఎముకల బలహీనతకు వేరే సాక్ష్యాలున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పేద కుటుంబాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ల వయసు గల మహిళల ఎముకలను కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించారు. సాంద్రత తక్కువగా ఉందని, దానికీ పోషణకూ సంబంధం ఉందని అవి చూపాయి. తిరుపతిలోని స్విమ్స్ వైద్యులు అదే దశకంలో చేసిన అధ్యయనాల్లో, ఎండకు కొదవలేని చోట ఉన్నవారిలో కూడా విటమిన్ డి లోపం విస్తృతంగా ఉన్నట్టు వెల్లడైంది. ఎండ ఉన్నంత మాత్రాన ఎముక గట్టిపడదన్న ఈ మాట దీవుల్లో స్థిరపడిన వారికీ వర్తిస్తుంది.

ఇంతకన్నా విచిత్రమైన సమస్య ఫ్లోరైడ్‌ది. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో వైద్య పత్రికకు ఎక్కించినది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించిన వైద్యులే. ఆ తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమైంది. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో సున్నపు గోడలా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చూసేవారికి గట్టి ఎముక అనిపిస్తుంది. దాని అల్లిక మాత్రం అస్తవ్యస్తం. దట్టంగా ఉండటం, బలంగా ఉండటం ఒకటి కాదని 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం కూడా నిరూపించింది. ఎముకలు గుల్లబారిన మహిళలకు సోడియం ఫ్లోరైడ్ ఇస్తే వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది కానీ, వెన్ను కాని ఇతర ఎముకల్లో పగుళ్లు ఎక్కువయ్యాయి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగి వలస వెళ్లిన వృద్ధుల ఎక్స్‌రేను చదివేవారికి ఈ నేపథ్యం తెలిసి ఉండాలి. మరీ తెల్లని ఎముకలో కూడా సన్నని పగులు గీత దాక్కుంటుంది. అలాంటి సందర్భంలో ‘ఎముక గట్టిగా ఉంది’ అన్న ధీమా కన్నా ఒక ఎమ్మారై మేలు.

చిత్రం దొరికే దాకా

స్కాన్ వెంటనే కుదరని చోట పాటించవలసిన సూత్రం ఒక్కటే. పగులు లేదని రుజువయ్యే దాకా ఉన్నట్టే భావించాలి. రోగిని నడిపించకూడదు. మల మూత్రాలకు మంచం దగ్గరే ఏర్పాటు చేయాలి. నొప్పి తగ్గించే మందులు ధారాళంగా ఇవ్వాలి. ‘నడిచి చూడండి, ఎలా ఉందో తెలుస్తుంది’ అనడం పరీక్ష కాదు. వారం పది రోజులు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీయడం ఒకప్పుడు ఆనవాయితీ. పగులు అంచుల్లో ఎముక కొంత కరిగి గీత బయటపడుతుందన్నది దాని తర్కం. ఈ వ్యవధిలో పగులు జరిగిపోతే నష్టం పూడ్చలేనిది. వృద్ధులను వారాల తరబడి పడుకోబెట్టడం కూడా హానికరమే. పడక పుండ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, నిమ్ము పొంచి ఉంటాయి. అందువల్ల ఆగి చూడటం కన్నా రోగిని స్కాన్ ఉన్న చోటికి చేర్చడమే మంచిది.

దీవుల్లో ఆ ప్రయాణమే ఒక ప్రణాళిక. శ్రీ విజయపురంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఈ ప్రాంతానికి ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రి. 2015లో ఇక్కడ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఆస్టినాబాద్ వాసులకు అది దగ్గరే. డిగ్లీపూర్, లిటిల్ అండమాన్, గ్రేట్ నికోబార్ వంటి చోట్ల నుంచి వచ్చేవారు ఓడ మీదనో, హెలికాప్టర్ మీదనో ఆధారపడాలి. ఓడ నిచ్చెన మెట్ల మీద రోగిని నడిపించకుండా స్ట్రెచర్ మీదనే ఎక్కించాలి. రెండు కాళ్ల మధ్య మెత్తని దిండు పెట్టి, కాళ్లను కలిపి వదులుగా కట్టాలి. మడమ కింద ఒత్తిడి పడకుండా గుడ్డ చుట్ట ఉంచాలి. రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే ఆ సంగతి కాగితం మీద రాసి పంపాలి. తీసిన ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ డిస్కు రోగి వెంటే ఉండాలి. నివేదిక కాగితం ఒక్కటే తీసుకువెళితే అవతలి ఆసుపత్రిలో పరీక్షలన్నీ మొదటి నుంచీ మొదలవుతాయి.

70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ పథకం వర్తిస్తోంది. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు, ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఇది ఉపయోగపడుతుంది. వృద్ధులు ఉన్న ఇంట్లో ఈ కార్డును ముందుగానే తీసి ఉంచుకోవడం మంచిది.

తెలుగువారికి పుత్తూరు కట్టు మీద ఉన్న నమ్మకం సముద్రం దాటినా చెరగలేదు. చేతి ఎముకలు, ముంజేతి ఎముకలు విరిగినప్పుడు ఆ కట్టుతో బాగైన వారు ఊరూరా ఉన్నారు. తుంటి సంగతి వేరు. తొడ ఎముక మెడ కీలు లోపల, కండరాల కింద లోతున ఉంటుంది. పైనుంచి ఏ పట్టీ దానిని కదలకుండా పట్టి ఉంచలేదు. నూనె రాసి కాలు లాగి తోమడం అన్నింటికన్నా ప్రమాదం. కదలని పగులు కదిలేది అప్పుడే.

ఈ పగులు వృద్ధులకే పరిమితం కాదు. సైన్యంలో చేరిన కొత్తలో కవాతు చేసే యువకుల్లో, ఒక్కసారిగా పరుగు దూరం పెంచిన వారిలో పడకుండానే తొడ ఎముక మెడ మీద ఒత్తిడి పగులు వస్తుంది. మెడ లోపలి అంచున వస్తే చాలా వరకు విశ్రాంతితో మానుతుంది. పై అంచున వస్తే విచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి మరలు బిగించాల్సి రావచ్చు. ఎక్స్‌రే ఇక్కడ కూడా తొలి వారాల్లో మౌనంగానే ఉంటుంది. ఏ అంచున ఉందో చెప్పగలిగేది ఎమ్మారైయే.

పగులు తేలిన తరువాత

తుంటి పగులుకు శస్త్రచికిత్స అవసరమైతే ఆసుపత్రిలో చేరిన రోజే, లేదా మరుసటి రోజు చేయాలని నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కదలని మెడ పగులుకు మరలు బిగించడానికి ఆపరేషన్ గదిలో సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రం, నిపుణుడైన ఎముకల వైద్యుడు కావాలి. చాలామంది రోగులను మరుసటి రోజే ఆసరాతో నిలబెడతారు. ఆ తరువాత కొన్ని నెలల పాటు ఎక్స్‌రేలు తీసి తల కుంగుతున్నదీ లేనిదీ గమనిస్తారు. మళ్లీ గజ్జల్లో నొప్పి మొదలైతే వెంటనే చూపించుకోవాలి. ఎముకలు గుల్లబారడానికి మందులు, కాల్షియం, విటమిన్ డి ఈ దశలోనే మొదలుపెట్టాలి. ఒక తుంటి విరిగిన వారికి రెండో తుంటి విరిగే ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. ఆసుపత్రి నుంచి పంపే కాగితంలో మరల సంగతి ఉండి ఎముక మందుల ఊసు లేకపోతే, ఇంటివారు అడిగి రాయించుకోవాలి. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, గరుకు పలకలు, రాత్రి వెలిగే చిన్న దీపం ఆ మనిషి ఇల్లు చేరేలోపే అమర్చి ఉంచాలి.